బండికి కొత్త టైరు: ఏది చూసి కొనాలి?

పిల్లలూ! సెలవులకి ఇండియా వెళ్లినప్పుడు బాబాయి బండి మీదో, మామయ్య బండి మీదో వెనక కూర్చుని ఊరు తిరిగే ఉంటారు కదా. మన ఊళ్లలో మోటారు సైకిల్‌ని "బండి" అనే అంటారు. బండిని నడిపేది ఇంజిను. కానీ బండి రోడ్డుని తాకేది టైర్లతోనే. అది కూడా టైరు మొత్తం తాకదు. ఒక్కో టైరు దాదాపు ఒక అరచేయంత జాగాలోనే రోడ్డు మీద ఆనుతుంది. బాబాయి, వెనక మీరు, మీ చేతిలో కూరగాయల సంచీ, అందరి బరువూ ఆ రెండు అరచేతుల మీదే! బ్రేకు వేస్తే బండిని ఆపేది అవే. మలుపులో జారకుండా పట్టుకునేది కూడా అవే.

అందుకే టైరు అరిగిపోతే ఏది కొనాలి, ముందు ఒక కంపెనీది, వెనక ఇంకో కంపెనీది వేయవచ్చా అన్నది చిన్న విషయం కాదు. ఈ పాఠంలో అది తెలుసుకుందాం.

టైరు ఎప్పుడు మార్చాలి?

కొత్త టైరు మీద లోతైన గాడులు ఉంటాయి. అవి అందం కోసం పెట్టినవి కావు. వాన పడినప్పుడు టైరు కింద ఉన్న నీరు ఆ గాడుల్లోంచి పక్కకి పోతుంది. అప్పుడే రబ్బరు రోడ్డుని గట్టిగా పట్టుకుంటుంది. గాడులు అరిగిపోతే నీరు పోవడానికి దారి ఉండదు. టైరు నీటి మీద తేలినట్టు అయి, బండి జారుతుంది. బాగా అరిగిన టైరుని "గుండైపోయింది" అంటారు. గుండు మీద జుట్టు లేనట్టే, ఆ టైరు మీద గాడులు ఉండవు!

అంత వరకూ ఆగకూడదు. గాడి అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు గట్టు ఉంటుంది. అది ఎక్కడుందో చూపించడానికి టైరు అంచున చిన్న త్రికోణం గానీ, "టీడబ్ల్యూఐ" అనే అక్షరాలు గానీ ఉంటాయి. టైరు పైభాగం అరిగి ఆ గట్టుతో సమానం అయిందంటే మార్చే టైము వచ్చినట్టే.

వెనక టైరే ముందు అరుగుతుంది

ఇంజిను శక్తి గొలుసు ద్వారా వెనక చక్రానికి వెళ్తుంది. వెనక కూర్చున్నవాళ్ల బరువు కూడా ఎక్కువగా దాని మీదే పడుతుంది. అందుకని మామూలుగా వెనక టైరు త్వరగా అరుగుతుంది. ముందు టైరు ఇంకా బాగానే ఉంటుంది. అప్పుడే ఈ ప్రశ్న వస్తుంది: వెనక కొత్తగా వేసే టైరు కూడా ముందు టైరు కంపెనీదే కావాలా?

దానికి జవాబు చెప్పే ముందు మనం టైరుని చదవడం నేర్చుకోవాలి.

టైరు గోడ మీది అంకెలు

టైరు పక్క భాగాన్ని టైరు గోడ అనుకుందాం. దాని మీద ఇలా రాసి ఉంటుంది: 80/100-18 54పి.

80 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో.
100 అంటే ఎత్తు వెడల్పులో ఎన్నో శాతం అని. ఇక్కడ 80లో నూటికి నూరు, అంటే ఎత్తు కూడా 80 మిల్లీమీటర్లే.
18 అంటే టైరు కూర్చునే రిమ్ము సైజు, అంగుళాల్లో.
54 అనేది బరువు సంకేతం. ఈ టైరు 212 కిలోల వరకు మోయగలదు.
పి అనేది వేగం సంకేతం. గంటకి 150 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుంది. అంత వేగంగా నడపమని కాదు సుమా!

ఇప్పుడు ఒక తమాషా చూడండి. స్ప్లెండర్ ప్లస్ అనే బండి ఇండియాలో ఏ ఊరికెళ్లినా కనిపిస్తుంది. దానికి ముందు, వెనక రెండూ 80/100-18 సైజే. కానీ ముందు టైరు మీద 47 ఉంటుంది, వెనక టైరు మీద 54 ఉంటుంది. 47 అంటే 175 కిలోలే. సైజు ఒకటే కదా అని ముందు టైరుని తీసి వెనక వేస్తే, అది మోయాల్సినంత బరువు మోయలేదు. చూశారా, ఒక్క అంకె చదవకపోతే ఎంత తేడానో!

వేరే కంపెనీ టైరు వేయవచ్చా?

ఇండియాలో ఎంఆర్ఎఫ్, సియట్, అపోలో, టీవీఎస్ లాంటి చాలా కంపెనీలు టైర్లు చేస్తాయి. ఎంఆర్ఎఫ్ 1946లో మద్రాసులో పిల్లలు ఆడుకునే బెలూన్లు చేయడంతో మొదలైంది! ఇప్పుడు తెలంగాణలోని సదాశివపేట దగ్గర దానికి టైర్ల ఫ్యాక్టరీ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోని చిన్నపండూరులో అపోలో ఫ్యాక్టరీ ఉంది.

ప్రతి కంపెనీ రబ్బరుని తన పద్ధతిలో కలుపుతుంది. టైరు గుండ్రదనం, గాడుల తీరు కూడా వేరుగా ఉంటాయి. మలుపులో బండి ఒక పక్కకి వంగినప్పుడు రెండు టైర్లూ ఒకేలా వంగాలి, ఒకేలా పట్టుకోవాలి. అందుకే ఒక కంపెనీ జతగా చేసిన ముందు, వెనక టైర్లు వేయడం అన్నిటికన్నా మంచిది.

అయితే జత దొరక్కపోతే?

పూర్వం ఎద్దుల బండికి రెండు ఎద్దుల్ని ఒకే కర్రకి కట్టేవారు. ఆ కర్రని కాడి అంటారు. రెండు ఎద్దుల్నీ ఒకే సంతలో కొనాలని ఏమీ లేదు. కానీ వాటి నడక కలవాలి. ఒకటి పరుగెత్తి, ఒకటి ఈడిగిలబడితే బండి తిరగబడుతుంది. టైర్లు కూడా అంతే. పేరు వేరైనా పర్వాలేదు, నడక కలవాలి. అంటే:

సైజు, బరువు అంకె, వేగం అక్షరం బండి పుస్తకంలో చెప్పినట్టే ఉండాలి. బరువు, వేగం అంతకన్నా ఎక్కువ ఉండొచ్చు, తక్కువ మాత్రం ఉండకూడదు.

రెండూ ఒకే రకం పనికి చేసినవై ఉండాలి. ముందు మట్టి దారి టైరు, వెనక నున్నటి రోడ్డు టైరు వేస్తే నడక కలవదు.

లోపలి అల్లిక కూడా చూడాలి. టైరు రబ్బరు లోపల దారాల పొరలుంటాయి. దారాలు ఏటవాలుగా ఉంటే బయాస్ టైరు. అడ్డంగా, ఒక అంచు నుంచి ఇంకో అంచుకి తిన్నగా ఉంటే రేడియల్ టైరు. రేడియల్ అయితే సైజులో "ఆర్" అనే అక్షరం ఉంటుంది. వీటిని మనకి తోచినట్టు కలపకూడదు. యమహా ఎఫ్‌జెడ్‌కి ముందు బయాస్, వెనక రేడియల్ వస్తాయి. కానీ అది బండి చేసినవాళ్లు పరీక్షించి పెట్టిన జత.

వెడల్పు టైరు వేస్తే?

కొంతమంది అన్నయ్యలు "స్టైలుగా ఉంటుంది" అని వెనక లావు టైరు వేయిస్తారు. రిమ్ము మాత్రం పాతదే, సన్నగా ఉంటుంది. లావు టైరుని అందులో ఇరికిస్తే దాని గుండ్రదనం మారిపోతుంది. అది గొలుసుకి రాసుకునే ప్రమాదం కూడా ఉంది. చూడ్డానికి బాగుంటుంది, మలుపులో మాత్రం మొండికేస్తుంది.

టైరు పుట్టినరోజు

టైరుకి కూడా పుట్టిన తేదీ ఉంటుంది! గోడ మీద నాలుగు అంకెలు చూడండి. 1524 అని ఉంటే 2024లో 15వ వారంలో తయారైందని అర్థం. రబ్బరు వాడకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది, బీటలు వారుతుంది. అందుకే దుకాణంలో కొత్తగా మెరుస్తున్నా తేదీ చూసే కొనాలి.

దుకాణంలో ఇలా మాట్లాడతారు

బాబాయి: అన్నా, వెనక టైరు మార్చాలి.
దుకాణదారు: ఇది తీసుకోండి సార్, ధర తక్కువ. వేరే కంపెనీదే గానీ సైజు సరిపోతుంది.
చిన్ని: బాబాయ్, దీని మీద 47 అనే ఉంది. మన పాత టైరు మీద 54 కదా!
బాబాయి: అవునురా చిన్నీ. అన్నా, 54 ఉన్నది చూపించు. ఈ ఏడాదిదే ఇవ్వు.
దుకాణదారు: అలాగే సార్. బాణం గుర్తు చూసి బిగిస్తా. కొత్త టైరు నున్నగా ఉంటుంది, మొదటి 150 కిలోమీటర్లు నెమ్మదిగా పోండి.

టైరు ఏ దిక్కుకి తిరగాలో ఆ బాణం గుర్తు చెబుతుంది.

అభ్యాసం

1. గాడులు లేని టైరు వానలో ఎందుకు జారుతుంది? రెండు వాక్యాల్లో రాయండి.
2. 120/80-18 టైరు ఎత్తు ఎన్ని మిల్లీమీటర్లు? లెక్క కట్టండి.
3. "పేరు వేరైనా నడక కలవాలి" అంటే ఏమిటో మీ సొంత మాటల్లో చెప్పండి.
4. ఈసారి వీడియో కాల్‌లో బాబాయినో, మామయ్యనో, అత్తయ్యనో అడగండి: "మీ బండి వెనక టైరు ఏ ఏడాదిది? గాడులు ఇంకా ఉన్నాయా?" వాళ్లు చెప్పిన జవాబు రాసుకుని తరగతికి తీసుకురండి.