మచ్చల కాలా లిల్లీ: పెరటి పెంపకము, పాటింపవలసిన జాగ్రత్తలు

పూలమొక్కలపై మక్కువ మన గ్రామములకు కొత్త కాదు. గుమ్మము ముందు బంతి, పెరటిలో మందారము, నూతిగట్టున కనకాంబరము ఎప్పటినుండియో మన యిండ్లకు అలంకారములు. ఇటీవల వీటి సరసకు విదేశీయ పుష్పజాతులు కూడ వచ్చి చేరుచున్నవి. అట్టివానిలో కాలా లిల్లీ యొకటి. ఆకులపై తెల్లని మచ్చలతో, గరాటువంటి పూవుతో ఇది చూపరులను ఆకర్షించును. ఈ మొక్కను గూర్చి పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు రెండు కలవు. దీనిని ఎట్లు పెంచవలెను అనునది మొదటిది. మన కంద, చేమ తోటలకు దీనివలన కీడు రాకుండ ఎట్లు చూచుకొనవలెను అనునది రెండవది.

గత కార్తికమాసమున మేము గోదావరి లంకలలోని ఒక గ్రామమునకు వెళ్ళియుంటిమి. పంచాయతీ కార్యాలయపు అరుగుమీద ఒక కుండీలో ఈ మొక్క ఉన్నది. వార్డు సభ్యులొకరు వర్షాకాలమున దానిని పట్టణమునుండి కొనితెచ్చి, పిల్లదుంపలను విడదీసి ఏడు ఇండ్లకు పంచిరి. "ఆకుమీద ఈ చారలు చూచితిరా అండి? ఇంత అందమైన మొక్క మా ఊళ్ళో మరియొకటి లేదు" అని వారు సంతోషముతో చూపిరి. అందముగనే ఉన్నదని మేమును అంటిమి. మా వెంట వచ్చిన ఉద్యానశాఖాధికారి మాత్రము ఒక ఆకును ఎండకు ఎత్తిపట్టి చూచి, పిమ్మట రెండవ ఆకును చూచి, "ఈ మొక్క పెట్టిన ఇండ్లలో చేమ ఉన్నదా?" అని అడిగిరి. ఐదు ఇండ్లలో చేమమడులు ఉన్నవి. వీధి చివరనుండియే కందచేలు మొదలగుచున్నవి. ఆకు నమూనాను ప్రయోగశాలకు పంపగా, ఆ చారలు అలంకారము కావనియు, మొజాయిక్ తెగులు లక్షణములనియు తేలినది.

మేము మెచ్చుకొనినది మొక్క అందమును కాదు, దాని రోగమును. ఈ పొరపాటు మరియొక గ్రామమున జరుగకూడదను ఉద్దేశముతో ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మొక్క పరిచయము

పేరున లిల్లీ ఉన్నను ఇది నిజమైన లిల్లీ కాదు. మన బజారులలో లిల్లీ పూలను పేర దండలకు అమ్ముచున్న నేలసంపెంగతోను దీనికి సంబంధము లేదు. ఇది చేమ కుటుంబమునకు చెందిన మొక్క. చేమ, కంద, చెరువులలో తేలియాడు అంతరతామర, ఇండ్లలో పెంచుకొను మనీప్లాంటు, ఆంథూరియము ఇవన్నియు ఆ కుటుంబమువే. దీని పుట్టినిల్లు ఆఫ్రికాఖండపు దక్షిణభాగము. 1753లో లిన్నేయస్ అను శాస్త్రజ్ఞుడు ఇందలి తెల్లపూల రకమును కాలా అను జాతిలో చేర్చెను. 1826లో స్ప్రెంగెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు దీనిని వేరుచేసి జాంటెడెస్కియా అని పేరిడెను. శాస్త్రమున పేరు మారినను లోకమున పాతపేరే నిలిచినది.

మనము పూవనుకొనునది గరాటువలె చుట్టుకొనిన రంగుటాకు. దాని నడుమ నిలిచియుండు కండెమీద అసలు పూలు మిక్కిలి చిన్నవై క్రిక్కిరిసి యుండును. క్రిందిభాగమున ఆడుపూలు, పైభాగమున మగపూలు ఉండును.

పెంపకము దృష్ట్యా ఇందు రెండు తెగలు కలవు. తెల్లపూల తెగ వాగుల యొడ్డున, చిత్తడి నేలలలో పెరుగును. నీరున్నచో ఏడాది పొడుగునను పచ్చగ నుండును. రంగుపూల తెగ గడ్డిమైదానములది. వానలకు మొలచి పూచి, పిమ్మట ఆకు ఎండి దుంపగ విశ్రమించును. మచ్చల ఆకులు ఎక్కువగ ఈ రెండవ తెగలో కాననగును. పసుపుపచ్చని పూవుగల ఎలియొట్టియానా, తెల్లమచ్చలు గలది అని లాటిను భాషలో అర్థమిచ్చు ఆల్బొమాక్యులేటా ఇట్టివే. నేడు అంగళ్ళలో దొరకు రంగురంగుల మొక్కలలో పెక్కు ఈ జాతులను సంకరపరచగా వచ్చినవి.

ఎక్కడ, ఎప్పుడు నాటవలెను?

ఈ మొక్కకు చల్లదనము ప్రాణము. పగటి వేడిమి 18 నుండి 25 డిగ్రీల సెల్సియస్ వరకు ఉన్నచో బాగుగ పెరుగును. అంతకు మించి ఎండ ముదిరినకొలది ఆకు వాడి, దుంప కుళ్ళుటకు అవకాశము హెచ్చును. కావున అరకులోయ, లంబసింగి, హార్స్‌లీ కొండలు వంటి ఎత్తైన చల్లని ప్రదేశములు దీనికి అనువైనవి. తక్కిన మైదాన గ్రామములలో దీనిని చలికాలపు కుండీమొక్కగ మాత్రమే భావింపవలెను. అక్టోబరు నెలాఖరున నాటినచో, మాఘమాసపు చలి తగ్గులోపల పూలు చూడవచ్చును. వేసవిలో దీనిని పచ్చగ నిలుపబూనుట వృథాశ్రమ.

నాటు విధానము

గట్టిగ నుండి, మెత్తని మచ్చలుగాని దుర్గంధముగాని లేని దుంపను ఎన్నుకొనవలెను. 8 లేక 10 అంగుళముల కుండీకి ఒక దుంప చాలును. కుండీ అడుగున నీరుపోవు రంధ్రము తప్పక ఉండవలెను. ఎర్రమట్టి, బాగుగ చివికిన పశువుల ఎరువు, ఇసుక సమపాళ్ళలో కలిపి నింపవలెను. పచ్చిపేడ వేయరాదు. మొలక కన్నులు పైకి ఉండునట్లు దుంపను 2 నుండి 3 అంగుళముల లోతున నాటవలెను. నేలలో నాటునప్పుడు దుంపకు దుంపకు నడుమ ఒక అడుగు ఎడముండవలెను. మడి చుట్టుపట్ల నేలకన్న ఎత్తుగ నుండవలెను.

మొలక కనబడువరకు మట్టి కొంచెము తడిగ నుండిన చాలును. ఆకులు విచ్చిన పిమ్మట పైమట్టి ఆరగనే నీరు పోయవలెను. రంగుపూల తెగకు నీరు నిలిచినచో మెత్తకుళ్ళు తెగులు వచ్చి, రెండు మూడు రోజులలో మొక్క నేలకు ఒరగును. అట్టి దుంపకు చికిత్స లేదు. మట్టితో సహా తీసివేయవలెను. ఉదయపు ఎండ తగిలి, మధ్యాహ్నము నీడపడు తూర్పు వసారా దీనికి తగిన చోటు. నాటిన రెండు మూడు నెలలకు పూవు వచ్చును. కోసి నీటిలో ఉంచినచో వారము దినములకు పైగ నిలుచును.

పూలు ముగిసి ఆకులు పసుపువారగనే నీరు తగ్గించి, ఆకులు పూర్తిగ ఎండిన పిమ్మట మానివేయవలెను. దుంపను త్రవ్వి, నీడలో ఆరబెట్టి, పొడి ఇసుకలోగాని కొబ్బరిపొట్టులోగాని పెట్టి, గాలి వచ్చు చల్లనిగదిలో దాచవలెను. మరుసటి కార్తికమున మరల నాటవచ్చును.

పసిపిల్లలు, పశువులు

కంద తరిగిన చేయి దురదపెట్టుట మన గృహిణులందరు ఎరిగినదే. సూదులవలె సన్నని కాల్షియము ఆక్సలేటు స్ఫటికములు దానికి ముఖ్యకారణము. కాలా లిల్లీ ఆకు, కాడ, పూవు, దుంప అన్నిటను ఇవి కలవు. కందను చింతపండుతో ఉడికించి తినుచున్నాము గదా యని దీని దుంపను వండబూనరాదు. ఇది ఆహారము కాదు. పిల్లలు కొరికినచో నోరు మండి, పెదవులు, నాలుక వాచును. వెంటనే నోటిలోనిది తీసివేసి, నీటితో కడిగి, చల్లని పాలుగాని నీరుగాని కొద్దికొద్దిగ త్రాగింపవలెను. వాంతి చేయింపరాదు. మ్రింగుట కష్టమైనను, ఊపిరి ఆడకున్నను క్షణము ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. అంగన్‌వాడీ, పాఠశాల ఆవరణములలో ఈ మొక్కను పెట్టకుండుట మేలు. మేకలకు, దూడలకును అందనీయరాదు.

మచ్చ ఏది? తెగులు ఏది?

ఇది ముఖ్యమైన విషయము. మినుములో పల్లాకు తెగులు చూచిన రైతుకు ఆకుపై రంగు మారుట ఎల్లప్పుడు శుభము కాదని తెలియును. చేమ కుటుంబమునకును ఇట్టి తెగులు ఒకటి కలదు. దానిని డాషీన్ మొజాయిక్ తెగులందురు. డాషీన్ అనగా చేమయే. దీనికి కారణమగు వైరస్ చేమ, కంద, కాలా లిల్లీ, ఆంథూరియము మున్నగు ఈ కుటుంబపు మొక్కలకు ఒకదానినుండి మరియొకదానికి ప్రాకును. రోగపుమొక్క రసమును పీల్చిన పేనుబంక కొన్ని క్షణములలోనే దానిని ప్రక్కమొక్కకు అంటించును. పురుగుమందు చల్లినను పురుగు చచ్చులోపల తెగులు అంటనే అంటును. రోగపు దుంపనుండి పుట్టిన పిల్లదుంపలకును ఈ తెగులు సంక్రమించును.

సహజమైన మచ్చకును తెగులుకును భేదము ఇట్లు గుర్తింపవచ్చును. సహజమైన మచ్చ అంచు స్పష్టముగ నుండును. ఆకును వెలుతురుకు పట్టినచో మచ్చగుండ వెలుగు కనబడును. ఆకు నునుపుగ, చక్కని ఆకారముతో ఉండును. మొక్కయొక్క ఆకులన్నిటను మచ్చలు ఒకే తీరుగ నుండును. తెగులు మచ్చకు అంచు తెలియదు. లేతపచ్చని లేక పసుపు చారలు ఈనెల వెంబడి ఈకవలె ప్రాకును. ఆకు ముడుతపడును, మెలితిరుగును. ఒక ఆకున కనబడి, తరువాతి ఆకున మాయమగును. పూవు వంకరగనో, చారలతోనో వచ్చును. మాయమైనంత మాత్రమున తెగులు పోయినదని అనుకొనరాదు. కంటిచూపుతో నిర్ధారణ కానిచోట పరీక్ష చేయించుటయే మార్గము.

రోగమును అందముగ భ్రమించుట మనతో మొదలైనది కాదు. 1630 ప్రాంతమున హాలెండు దేశమున చారలుగల తులిప్ పూలకై జనులు ఆస్తులను ధారపోసిరి. ఆ చారలకు వైరస్ తెగులే కారణము. అది దుంపనుండి దుంపకు అంటునదని 1928లో ఇంగ్లండున డొరోతి కేలీ అను శాస్త్రజ్ఞురాలు ప్రయోగపూర్వకముగ చూపినది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు" అని మన సామెత. తెగుళ్ళ విషయమున మాత్రము కత్తిపీటకును బాధ్యత కలదు. మెత్తకుళ్ళు, మొజాయిక్ రెండును కోసిన కత్తికి అంటిన రసముతో మరియొక దుంపకు చేరగలవు. కావున ఒక్కొక్క దుంపను విడదీసిన పిమ్మట కత్తిని సబ్బునీటితో శుభ్రముగ కడుగవలెను.

పంచాయతీలు చేయదగిన పని

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. వానిలో మొదటిది వ్యవసాయము, దాని విస్తరణ. కందసాగులో పెట్టుబడియందు పెద్దభాగము విత్తనపు దుంపకే పోవును. విత్తనమునకు తెగులు పట్టినచో ఒక ఏటి నష్టముతో అది తీరదు. కావున ఈ క్రింది పనులు సభ్యులు చేయవచ్చును.

బయటినుండి తెచ్చిన చేమజాతి అలంకారపు మొక్కను చేమమడికిని కందచేనికిని దూరముగ, వేరు కుండీలో, కనీసము మూడు నాలుగు కొత్త ఆకులు వచ్చువరకు ఉంచి చూడవలెనని గ్రామసభలో తెలుపవలెను. అంతవరకు పిల్లదుంపలు పంచరాదు. పంచాయతీ నర్సరీ ఉన్నచోట ఈ నియమమును తప్పక పాటింపవలెను. అనుమానమున్న మొక్కను ఉద్యానశాఖాధికారికిగాని సమీపమునందలి కృషి విజ్ఞాన కేంద్రమునకుగాని చూపవలెను. రోగమని తేలినచో దుంపతో సహా పెరికి, ఎండబెట్టి కాల్చవలెను, లేదా లోతుగ పూడ్చవలెను. కాలువలో పారవేయరాదు. తెల్లపూల కాలా లిల్లీ పశ్చిమ ఆస్ట్రేలియాలో తోటలు దాటి తడినేలలలో కలుపుగ వ్యాపించినది. అందమునకని వచ్చిన గుర్రపుడెక్క మన చెరువులను ఏమి చేసినదో మనకు తెలిసినదే.

పైన చెప్పిన గ్రామమున ఆ వార్డు సభ్యులు పరీక్షాఫలితము తెలిసిన నాడే ఏడు ఇండ్లకును స్వయముగ వెళ్ళిరి. "ఇచ్చినది నేనే, తీసికొనిపోవునదియు నేనే" అని చెప్పి, ఏడు మొక్కలను పెరికించి కాల్పించిరి. చేమమడులలో ఈకవలె చారలు తేలిన మొక్కలను ఆ ఇండ్లవారే తీసివేసిరి. కందచేలను అధికారి గట్టుగట్టునను నడచి పరిశీలించి, ఆనాటికి లక్షణములు కనబడలేదని చెప్పిరి. విత్తనమునకు దుంపను ఎన్నుకొనునప్పుడు మరల చూడవలెనని హెచ్చరించిరి. తాను మెచ్చి పంచిన మొక్కను తానే ఇంటింటికిపోయి అడిగితెచ్చుట తేలికైన పని కాదు. ఆ సభ్యులు ఆ పని చేసిరి.

పంచాయతీ అరుగుమీది కుండీ నేడు ఖాళీగ లేదు. పరీక్షించి తెచ్చిన దుంపను అందులో నాటిరి. దాని ఆకులపైనను తెల్లని మచ్చలు ఉన్నవి. ఈసారి వచ్చినవారందరు ఆకును వెలుతురుకు పట్టి చూచిన పిమ్మటనే మెచ్చుకొనుచున్నారు.