పొయ్యి మంట రంగు మారితే

ఆత్మకూరు బస్టాండు దగ్గర టీ అంగడి పెట్టుకున్న ఒకాయన మొన్న వేసవిలో నన్ను ఆపి, "గ్యాసులో ఏందో కలిపినట్టుండారు సార్. మంట పసుపుపచ్చగా లేస్తా ఉండాది, గిన్నె అడుగంతా మసి" అన్నాడు. బండ మార్చి చూశాడట, గుణం కనిపించలేదు. అంతకు ముందు నెల రోజులు అంగడి మూసి ఊరికి పోయి వచ్చాడు. పొయ్యి కిందికి వంగి చూస్తే దోషం గ్యాసులో లేదు. గాలి పోయే దారిలో ఉన్నది. బర్నరు గొట్టం మూతిలో సాలెపురుగు గూడు అల్లింది, దాని మీద దుమ్ము పేరుకున్నది.

గ్యాసుకు గాలి ఎంత కావాలో విద్యార్థులే లెక్క కట్టవచ్చు. మన వంటగ్యాసు ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమం. ఒక లీటరు ప్రొపేను పూర్తిగా మండటానికి 5 లీటర్ల ఆమ్లజని కావాలి. గాలిలో ఆమ్లజని దాదాపు అయిదో వంతే కనుక, గాలి సుమారు 24 లీటర్లు కావలసి ఉంటుంది. బ్యూటేనుకైతే 31 లీటర్లు.

ఇంత గాలిని పొయ్యికి అందించేదెవరు? కొంత గాలిని గ్యాసే తెచ్చుకుంటుంది. జెట్టు అనే సన్నని రంధ్రం నుంచి వేగంగా దూసుకువచ్చే గ్యాసు, పక్కనున్న గాలిని తనతోపాటు గొట్టంలోకి ఈడ్చుకుపోతుంది. తక్కిన గాలి మంట చుట్టూ ఉన్న ఖాళీ నుంచి అందుతుంది. బడి ప్రయోగశాలలోని బున్‌సెన్ బర్నరు పనిచేసేదీ ఇట్లాగే.

గొట్టంలోకి గాలి తగ్గితే గ్యాసులోని కర్బనం వెంటనే మండక, సూక్ష్మరేణువులుగా విడిపోయి, వేడికి కాలి పసుపుపచ్చగా వెలుగుతుంది. ఆముదపు దీపం మీద పళ్ళెం బోర్లించి మన అవ్వలు కాటుక పట్టినది ఈ రేణువులనే. గిన్నె మసి తోముకుంటే పోతుంది. అసలు భయం కంటికి కనబడని కార్బన్ మోనాక్సైడుతో. అరకొరగా మండినప్పుడు పుట్టే ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిను ఆమ్లజనికన్న 200 రెట్లకు పైగా మక్కువతో దీనిని పట్టుకుంటుంది. బడిలో మధ్యాహ్న భోజనం వండే గదిలో మంట పచ్చబడి, కిటికీలు కూడా మూసి ఉంటే, వంటమనిషికి వచ్చే తలనొప్పిని ఎండ మీదికి నెట్టివేయరాదు.

అయితే పచ్చరంగంతా మసి కాదు. ఉప్పునీళ్లు పొంగినా, దుమ్ము ఎగిరి మంటలో పడినా సోడియం వల్ల నారింజ రంగు మెరుపులు వస్తాయి. తేడా తెలుసుకోవటం తేలిక. ఒక గరిటెను క్షణంసేపు మంటపై పట్టి చూడండి. నల్లబడితే గాలి చాలలేదన్నమాట. ఉదయగిరి చెక్క గరిటెలకు పేరుపొందిన ఊరే గాని, ఈ పరీక్షకు మాత్రం స్టీలు గరిటే కావాలి!

మంట చెడగానే చాలామంది జెట్టులో పిన్నీసు పొడుస్తారు. ఇది కిరసనాయిలు పంపుస్టవ్వుల నాటి అలవాటు. అక్కడ వేడికి కిరసనాయిలు మసికట్టి రంధ్రం పూడేది, పిన్ను పెట్టక తప్పేది కాదు. గ్యాసు జెట్టు మెత్తని ఇత్తడి. దాని రంధ్రం అడ్డుకొలత పదో వంతు పెరిగితే వైశాల్యం 1.1 × 1.1, అనగా 1.21 రెట్లు అవుతుంది. గ్యాసు అయిదో వంతు ఎక్కువ వస్తుంది, గాలి దారి మాత్రం అంతే ఉంటుంది. మంట మరింత పచ్చబడుతుంది. కాబట్టి రెగ్యులేటరు మూసి, పొయ్యి చల్లారాక, గాలి రంధ్రాన్నీ గొట్టాన్నీ సన్నని బ్రష్షుతో తుడవాలి. చెక్క చెక్కే ఇళ్లలో పొట్టు కూడా ఇక్కడే చేరుతుంది. జెట్టు పూడితే అదే కొలతది మెకానిక్కు చేత మార్పించాలి.

మంట బర్నరును వదిలి పైకి ఎగురుతూ బుసకొడితే గాలి గాని వేగం గాని ఎక్కువైనదన్నమాట. పెద్ద పొయ్యిలకు గాలిని తగ్గించే బిళ్ళ ఉంటుంది, దానిని కొంచెం మూస్తే చాలు. దీనికి తారుమారుగా "టప్" మని మంట గొట్టంలోకి దూరితే, మంట పాకే వేగం కన్న గ్యాసు వచ్చే వేగం తగ్గినదని అర్థం. వెంటనే ఆపి, చల్లారనిచ్చి, బర్నరు మూత సరిగా కూర్చున్నదో లేదో చూడాలి.

పెళ్ళిళ్లలో మరొక చిక్కు వస్తుంది. పెద్ద పొయ్యి గంటసేపు మండగానే మంట సన్నగిల్లుతుంది. బండ పైన చెమట పడుతుంది. లోపలి ద్రవం ఆవిరి కావటానికి గ్రాముకు సుమారు 80 కెలోరీల వేడిని తన నుంచే తీసుకుని చల్లబడుతుంది. చల్లబడితే ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు కొందరు బండను వేడినీళ్లలో పెడతారు, మరికొందరు పక్కకు పడవేస్తారు. మొదటి పని ఒత్తిడిని అదుపు లేకుండా పెంచవచ్చు. రెండవ దానివల్ల ఆవిరికి బదులు ద్రవమే గొట్టంలోకి వచ్చి, అనేక రెట్లు ఉబ్బి, మంట మనిషి ఎత్తున లేస్తుంది. బండను నిలబెట్టే ఉంచి, తగిన అమరికతో రెండు బండలను కలిపి వాడితే ఒక్కొక్కటి ఇవ్వవలసిన ఆవిరి సగమవుతుంది, చలువ కూడా తగ్గుతుంది.