పరీక్షలు – సెలవులు

విద్యార్థి తన సంవత్సరాన్ని జనవరి నెలతో గానీ, చైత్రమాసంతో గానీ లెక్కించడు. అతని సంవత్సరం జూన్ నెల తొలకరితో మొదలవుతుంది. దసరాకు ఒకసారి, సంక్రాంతికి ఒకసారి విశ్రాంతి తీసుకొంటుంది. మార్చి ఎండలలో, పరీక్ష గదిలో ముగుస్తుంది. ఆ తరువాత వచ్చే వేసవి సెలవులు ఏ సంవత్సరానికీ చెందవు. పెద్దలు పంచాంగంలో తిథులను చూసినంత శ్రద్ధగా పిల్లలు క్యాలెండరులో ఎర్రరంగు అంకెలను చూస్తారు. పండుగ ఆదివారం నాడు పడితే వారికి కలిగే దుఃఖం పెద్దలకు అర్థం కాదు.

'పరీక్ష', 'సెలవు' అనే మాటలను మనం రోజూ వాడుతూ ఉంటాం. 'ఈక్ష' అంటే చూపు. 'పరి' అనే ఉపసర్గ 'అంతటా' అనే అర్థాన్నిస్తుంది. కాబట్టి అన్ని వైపుల నుంచి చూడటమే పరీక్ష. మూడు గంటల కాలంలో, ఒక జవాబు పత్రంలో ఒక మనిషిని అన్ని వైపుల నుంచి చూడటం సాధ్యమేనా అన్న ప్రశ్నను మీరు నన్ను అడగవచ్చు. సాధ్యం కాదనే నా సమాధానం. ఇక 'సెలవు' అచ్చమైన దేశ్యపదం. సి.పి. బ్రౌన్ తన నిఘంటువులో ఈ మాటకు అనుమతి, ఆజ్ఞ అనే అర్థాలతో పాటు ఖర్చు అనే అర్థాన్ని కూడా చూపాడు. తమిళంలో ఈనాటికీ ఇదే మాట ఖర్చును తెలుపుతుంది. 'గురువుగారు సెలవిచ్చారు' అనే వాక్యాన్ని తీసుకోండి. గురువుగారు మాట్లాడారని ఒక అర్థం, బడికి విరామం ప్రకటించారని మరొక అర్థం. విద్యార్థులు సాధారణంగా రెండవ అర్థాన్నే గ్రహిస్తారు.

విద్యకు విరామం అవసరమన్న ఆలోచన కొత్తది కాదు. పూర్వం శ్రావణ పూర్ణిమనాటి ఉపాకర్మతో వేదాధ్యయనం ఆరంభమై, పుష్యమాసంలో ఉత్సర్జనంతో ముగిసేది. నడుమ పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్యలు అనధ్యయన దినాలు. ఉరుములు ఉరిమినా, ఇంటికి శిష్టుడైన అతిథి వచ్చినా ఆనాటికి చదువు ఆగేది. అనధ్యయనాన్ని మనవాళ్ళు ఎంత గట్టిగా పాటించారో తెలియాలంటే వాల్మీకి రామాయణాన్ని చూడాలి. సుందరకాండలో హనుమంతుడు కృశించిపోయిన సీతాదేవిని వర్ణిస్తూ, పాడ్యమినాడు చదివేవాని విద్య వలె ఆమె క్షీణించిందని అంటాడు. సెలవునాడు చదివితే చదువు పెరగదు, తరుగుతుంది అన్న నమ్మకం లోకంలో స్థిరపడి ఉంటేనే కవి ఆ ఉపమానాన్ని వాడగలడు. ఈ మాటను నేను తరగతిలో చెప్పినప్పుడల్లా పిల్లల ముఖాలు వికసిస్తాయి. ఆ శ్లోకాన్ని వెంటనే రాసుకొంటారు కూడా!

తెలుగునాట వీధిబడుల కాలంలో దసరా సెలవులకు ఒక ప్రత్యేకత ఉండేది. పిల్లలు రంగు కాగితాలంటించిన విల్లంబులు పట్టుకొని, అయ్యవారి వెంట ఇల్లిల్లూ తిరిగి పద్యాలూ పాటలూ వినిపించేవారు. గృహస్థులు అయ్యవారికి కానుక, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవారు. ఒక రకంగా అదే ఆ బడికి పరీక్ష. పిల్లవాడి ఉచ్చారణను, ధారణను ఊరంతా కలిసి వినేది. మార్కులు ఉండేవి కావు. పరీక్ష, పండుగ ఒకే రోజున జరిగిన ఆ ఏర్పాటు ఇప్పుడు లేదు.

ఇప్పుడు పరీక్షల ఊరు ఎలా ఉంటుందో చూడాలంటే హైదరాబాదు తూర్పు భాగానికి రావాలి. మలక్‌పేట దాటి, మూసారాంబాగ్ మీదుగా దిల్‌సుఖ్‌నగర్ చేరితే అక్కడి నుంచి చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి.నగర్ వరకు రహదారికి ఇరువైపులా శిక్షణ సంస్థల పేర్లే కనిపిస్తాయి. వెనుక సందులలో వసతిగృహాలు, మెస్సులు, జిరాక్సు దుకాణాలు. ఉపాధ్యాయ నియామక పరీక్షలకు, గ్రూప్స్‌కు, ఈఏపీసెట్‌కు సిద్ధమయ్యేవారు నల్లగొండ, ఖమ్మం, పాలమూరు జిల్లాల నుంచి, కోస్తా ప్రాంతాల నుంచి వచ్చి ఈ సందులలో నివసిస్తారు. 'దిల్' అంటే హృదయం, 'సుఖ్' అంటే సుఖం. హృదయానికి సుఖాన్నిచ్చే పేరు గల ఈ నగర్‌లో ఒక్కొక్క గదిలో నలుగురు, ఐదుగురు మంచాలు వేసుకొని చదువుకొంటూ ఉంటారు. మంచం కింద ట్రంకుపెట్టె, గోడకు ప్రణాళికా పట్టిక, కిటికీకి ఆరవేసిన బట్టలు. ఇదే వారి సంసారం.

ఇంటర్మీడియట్ విద్యార్థికి ఈ పరీక్షలు వచ్చిన దారి కూడా తెలిసి ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1969లో ప్రీ యూనివర్సిటీ కోర్సు స్థానంలో రెండేళ్ళ ఇంటర్మీడియట్ వచ్చింది. దాని నిర్వహణకు 1971లో ఇంటర్మీడియట్ విద్యామండలి ఏర్పడింది. 2014లో రాష్ట్ర విభజనతో తెలంగాణకు వేరే మండలి వచ్చింది.

ఫిబ్రవరి చివరకు ఈ ప్రాంతపు స్వరూపం మారిపోతుంది. టీ కొట్ల దగ్గర కబుర్లు తగ్గుతాయి. రాత్రి రెండు గంటలకు కూడా కిటికీలలో దీపాలు వెలుగుతూ ఉంటాయి. గురువారాలలో సాయిబాబా మందిరం ముందు నిలబడిన వరుసలో విద్యార్థుల సంఖ్య పెరుగుతుంది. హాల్‌టికెట్టును దేవుని పాదాల దగ్గర పెట్టి తీసుకోవడం అక్కడ సాధారణ దృశ్యం. సరిగ్గా ఈ రోజులలోనే, 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం, దిల్‌సుఖ్‌నగర్‌లో నూట ఏడు నంబరు బస్సుల స్టాపు దగ్గర, సమీపంలోని మరొక చోట బాంబులు పేలాయి. మరణించినవారిలో పోటీ పరీక్షలకు సిద్ధమవుతూ గదుల నుంచి టీకో, టిఫినుకో బయటికి వచ్చిన యువకులున్నారు. ఆ సంవత్సరం మార్చిలో నా తరగతి పిల్లలు పరీక్ష గురించి భయపడలేదు. ఇంటి నుంచి ఫోను వస్తే, తాము క్షేమంగా ఉన్నామని చెప్పడమే వారికి పెద్ద పని అయింది.

ఇదే కాలంలో కొత్తపేట పండ్ల మార్కెట్‌కు మామిడి లారీలు రావడం మొదలయ్యేది. గడ్డిఅన్నారం మార్కెట్ అని దానికి మరో పేరు. 2021-22లో అది నగరం వెలుపలి బాటసింగారానికి తరలిపోయింది. అంతకు ముందు ఇక్కడ చదివిన వారిని అడగండి. పరీక్షలు అనగానే వారికి గుర్తుకు వచ్చేది మామిడిపళ్ళ వాసన, గడ్డిలో చుట్టిన పెట్టెల వరుసలు. పరీక్ష రాసి తిరిగివస్తూ రెండు బంగినపల్లి పళ్ళు కొనుక్కొని నడిరోడ్డు మీదనే తిన్నవారు ఇవాళ ఎన్నో కార్యాలయాలలో ఉన్నారు.

పరీక్ష రోజున విద్యార్థి భయపడేది ప్రశ్నపత్రానికి మాత్రమే కాదు, గడియారానికి కూడా. తొమ్మిది గంటలకు పరీక్ష. నిమిషం ఆలస్యమైనా లోనికి అనుమతించరాదన్న నిబంధన తెలంగాణలో చాలాకాలం కఠినంగా అమలు జరిగింది. తలుపులు మూసిన తరువాత గేటు ముందు ఏడుస్తూ నిలబడిన పిల్లల ఛాయాచిత్రాలు ప్రతి ఏడూ పత్రికలలో వచ్చేవి. ఏడాది శ్రమను ఒక ఎర్రదీపం దగ్గర ఆగిన బస్సు నిర్ణయించడం న్యాయం కాదని చాలామంది అన్నారు. నేనూ అన్నాను. చివరకు 2024 పరీక్షల సమయంలో విద్యామండలి ఐదు నిమిషాల సడలింపు ఇచ్చింది. అంతకు ముందే, 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ వరకు మెట్రోరైలు రావడంతో ఈ ప్రాంతపు విద్యార్థులకు ట్రాఫిక్ భయం కొంత తగ్గింది.

ఇక సెలవుల సంగతి. సంక్రాంతికి రెండు రోజుల ముందు సాయంత్రం ఎల్.బి.నగర్ చౌరస్తాలో నిలబడితే సగం నగరం ఖాళీ అవుతున్నట్లు కనిపిస్తుంది. ఒక దారి చౌటుప్పల్, సూర్యాపేటల మీదుగా విజయవాడకు, మరొకటి నాగార్జునసాగర్ వైపుకు పోతుంది. సంచులు, పరుపుచుట్టలు, అమ్మకు కొన్న చీర, తమ్ముడికి కొన్న క్రికెట్ బ్యాటు చేతబట్టుకొని పిల్లలు ప్రతి బస్సు వెంటా పరుగెత్తుతారు. పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరిన వాహనాలలో గంటలు గడిచినా వారికి విసుగు రాదు. తెలంగాణ పల్లెలకు వెళ్ళేవారికి దసరా సెలవులు మరింత ప్రియమైనవి, బతుకమ్మ వారిని పిలుస్తూ ఉంటుంది. 2023 డిసెంబరు నుంచి రాష్ట్రంలో ఆర్టీసీ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక, ఛార్జీల డబ్బుల కోసం నెలంతా లెక్కలు వేసే ఆడపిల్లలు రెండవ శనివారానికి కూడా ఇంటికి వెళ్ళివస్తున్నారు.

అయితే సెలవులన్నీ సెలవులు కావు. పరీక్షలకు ముందు ఇచ్చే 'ప్రిపరేషన్ హాలిడేస్' పేరులో మాత్రమే సెలవు ఉంది. వేసవిలో తరగతులు నిర్వహించరాదని విద్యామండలి ఏటేటా ప్రకటిస్తుంది. ఆ ప్రకటన పత్రికలో వచ్చిన రోజుననే కొన్ని చోట్ల కిటికీలు మూసి తరగతులు జరుగుతూ ఉంటాయి. ఇది విద్యార్థిని మోసగించడమేనని నా అభిప్రాయం. విశ్రాంతి లేని పొలం కూడా పండదని రైతు బిడ్డలైన ఈ పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఒక ఏడు దసరా సెలవులలో ఊరికి వెళ్ళకుండా గదిలోనే ఉండిపోయిన విద్యార్థిని కారణం అడిగాను. "ఇంటికి పోతే చుట్టాలందరూ ముందు మార్కులే అడుగుతరు సార్. అన్నం తిన్నవా అని ఆఖరుకు అడుగుతరు" అన్నాడు. నాకు వెంటనే సమాధానం తోచలేదు. అతన్ని మా ఇంటికి భోజనానికి పిలిచాను. ఆ పూట మార్కుల ప్రస్తావన తేవద్దని ఇంట్లో ముందుగానే చెప్పి ఉంచాను. అతడు రెండుసార్లు పప్పుచారు వడ్డించుకొని, తన ఊరి చెరువు గురించి గంటసేపు మాట్లాడాడు.

మార్కులు ఎంతవరకు నమ్మదగినవో 2019 ఏప్రిల్ మనకు చూపింది. ఆ నెల 18న వెలువడిన తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలలో మూడు లక్షల మందికి పైగా అనుత్తీర్ణులయ్యారు. ఫలితాలలో తప్పులున్నాయని తల్లిదండ్రులు ఆందోళన చేశారు. ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వచ్చినట్లు నమోదైంది. పునఃపరిశీలనలో ఆమెకు వచ్చినవి 99 మార్కులని తేలింది. తెలుగు బోధించే నాకు ఆ వార్త చదివినప్పుడు కలిగిన సిగ్గు ఇప్పటికీ పోలేదు. ప్రభుత్వం అనుత్తీర్ణులైన వారందరి పత్రాలనూ ఉచితంగా తిరిగి పరిశీలింపజేయగా వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులని తేలింది. కాని ఆ లోపలే ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకొన్నారు. ఏ సవరణా వారిని తిరిగి తీసుకొని రాలేదు.

కాబట్టి ఈ విషయాలు మీకు ముందే తెలిసి ఉండాలి. మార్కుల మీద సందేహం ఉంటే రీకౌంటింగుకు, రీవెరిఫికేషన్‌కు దరఖాస్తు చేయవచ్చు. దిద్దిన జవాబు పత్రం నకలును తెప్పించుకొని చూడవచ్చు. అనుత్తీర్ణులైనవారు అదే వేసవిలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష రాసి, ఏడాది నష్టపోకుండా పై చదువుకు వెళ్ళవచ్చు. మనసు భరించలేని స్థితి వస్తే 2022లో ప్రారంభమైన టెలిమానస్ కేంద్రానికి 14416 నంబరు మీద ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు. దానికి రుసుము లేదు.

పరీక్షలు లేని సంవత్సరాన్ని కూడా ఒకసారి చూశాం. కరోనా కారణంగా 2020లో పదవ తరగతి పరీక్షలు నడిమధ్యలో ఆగిపోయి అందరూ ఉత్తీర్ణులయ్యారు. 2021లో ఇంటర్మీడియట్ వార్షిక పరీక్షలు జరగలేదు. దిల్‌సుఖ్‌నగర్ వసతిగృహాలకు తాళాలు పడ్డాయి. పిల్లలు కోరుకొన్న సెలవు నెలల తరబడి దొరికింది. కాని ఆ సెలవు వారికి రుచించలేదు. సెల్‌ఫోనులో పాఠం వినడానికి సిగ్నలు కోసం చెట్టు కిందికీ, డాబా మీదికీ వెళ్ళినవారు ఎందరో! ఆ ఏడు మొదటి సంవత్సరం నుంచి రెండవ సంవత్సరానికి పంపబడిన తెలంగాణ విద్యార్థులకు అక్టోబరులో పరీక్షలు పెట్టారు. డిసెంబరులో ఫలితాలు వస్తే సగం మంది కూడా గట్టెక్కలేదు. చివరకు అందరికీ ఉత్తీర్ణతా మార్కులు ఇవ్వవలసి వచ్చింది. "సెలవు ఎప్పుడు అయిపోతుంది సార్?" అని ఒక విద్యార్థి నన్ను అడగడం నా ఉద్యోగ జీవితంలో అదే మొదటిసారి.

చివరి పరీక్ష ముగిసే మధ్యాహ్నాన్ని మాత్రం వర్ణించక తప్పదు. పన్నెండు గంటలకు గంట మోగుతుంది. గేటు ముందు చొక్కాల మీద సిరా చల్లుకొంటారు. చివరి ప్రశ్నకు జవాబు ఏమిటని ఎవరైనా అడిగితే అందరూ కలిసి అతని నోరు మూస్తారు. గదికి వచ్చి గోడ మీది పట్టికను ఊడదీస్తారు. పాత గైడ్లు కిలోల లెక్కన అమ్మగా వచ్చిన డబ్బుతో చెరకురసం తాగుతారు. మెస్ యజమానికి బాకీ చెల్లించి, ఇంటి యజమానురాలికి తాళంచెవి ఇచ్చి, "పోయొస్తం ఆంటీ" అని చెప్పి, ట్రంకుపెట్టెను ఇద్దరు చెరొకవైపు పట్టుకొని ఎల్.బి.నగర్ వైపు నడుస్తారు. అప్పుడు ఆ సందులో ఎండ తప్ప మరెవరూ ఉండరు.