కావాలనే రాల్చిన పరిగె

డిసెంబరు నెలలో దౌల్తాబాద్, తాండూరు ప్రాంతాల్లో ఒకవైపు కందిచేలు కోతకొస్తుంటే, మరోవైపు చర్చిల్లో క్రిస్మస్ సందడి మొదలవుతుంది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది పండే నేల ఇది. అయినా ఈ నేల నుంచే ఎన్నో కుటుంబాలు ఏళ్ల తరబడి ముంబయి, పుణెలకు వలస వెళ్లాయి. 2016 వరకు దౌల్తాబాద్ మండలం పాలమూరు జిల్లాలోనే ఉండేది. వలస వెళ్లిన ఇళ్లలో తరచూ ముసలివాళ్లే మిగిలిపోతారు.

వలస బాధ బైబిలుకు కొత్త కాదు. కరువు వల్ల బేత్లెహేము విడిచి మోయాబుకు వెళ్లిన నయోమి భర్తను, ఇద్దరు కొడుకులను అక్కడే పోగొట్టుకొని వట్టి చేతులతో తిరిగొచ్చింది. వెంట వచ్చిన కోడలు రూతు పరదేశి. అది యవల కోత కాలం. పొలం అంచులు పూర్తిగా కోయకుండా, పరిగె ఏరకుండా బీదలకు, పరదేశులకు విడిచిపెట్టాలన్నది దేవుని ఆజ్ఞ (లేవీ 23:22). ఆ ధైర్యంతోనే రూతు బోయజు పొలానికి వెళ్లింది.

బోయజు ఆజ్ఞ చెప్పినంతతోనే ఆగలేదు. ఆమెను అవమానపరచవద్దని, ఆమె కోసం పనల్లోంచి కావాలనే పిడికిళ్లు లాగి వదిలేయమని పనివాళ్లకు చెప్పాడు (రూతు 2:15,16). ఆ సాయంత్రం రూతు దాదాపు తూమెడు యవలను తన చేతి కష్టంగా ఇంటికి మోసుకెళ్లింది. కడుపు నిండింది, తల వంగలేదు.

క్రిస్మస్‌కు మన సంఘాల్లో యువకులు బియ్యం, పప్పు, నూనె పొట్లాలు కట్టి పంచుతారు. ఎంతో మంచి పని. కానీ కొన్నిచోట్ల పేదలను పేరు పెట్టి పిలిచి, వేదిక ఎక్కించి, సంచి చేతికిస్తూ ఫొటో తీస్తాం. మనకది జ్ఞాపకం. జీవితమంతా కూలి చేసుకొని బతికిన అవ్వకు అది సిగ్గు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మాట (మత్తయి 6:3) ఆమె కోసం కూడా చెప్పినదే.

మెదక్ చర్చి గోడలు ఇదే పాఠం చెబుతాయి. కరువు రోజుల్లో రెవరెండ్ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆకలిగొన్నవారికి ఆ నిర్మాణంలో పనిచ్చి అన్నం పెట్టారు. 1914లో మొదలైన ఆ మందిరం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకొంది. అన్నం తిన్నవారే మందిరం కట్టినవారయ్యారు.

వంటకు ముందు పిడికెడు బియ్యం తీసి దేవునికని దాచే తల్లులు మన సంఘాల్లో ఉన్నారు. ఆ పిడికిళ్లన్నీ ఒక్క గోనెలో కలిశాక ఎవరిది ఏదో తెలియదు. ఈ క్రిస్మస్‌కు ఆ బియ్యాన్ని వేదిక మీద కాక, ముందురోజు పొద్దుగూకాక ఇంటికే తీసుకెళ్దాం. అవ్వ పక్కన కాసేపు కూర్చొని, వలస వెళ్లిన కొడుకు క్షేమం అడుగుదాం.

ఆ రూతు వంశంలోనే దావీదు, ఆ బేత్లెహేములోనే యేసుక్రీస్తు జన్మించారు (మత్తయి 1:5,6, 2:1). ఒక పేదరాలి మర్యాద కాపాడిన ఆ పొలం మీదుగానే క్రిస్మస్ మన దాకా వచ్చింది.