పద్యం పాడేవారు సరే, వినేవారేరీ?
తెల్లవార్లూ నాటకం చూసిన పల్లెల్లో గోష్ఠులు కావాలి

ఐనవిల్లి: కృష్ణ రాయబారం ఆడుతున్నారంటే పిల్లా పెద్దా చాపలు చంకన పెట్టుకుని పొద్దుగూకకముందే పందిరి దగ్గర చోటు పట్టుకున్న కాలం కోనసీమ పల్లెలు చూశాయి. తీర్థాలకు, చవితి ఉత్సవాలకు తాటాకు పందిళ్లు వేసి తెల్లవార్లూ పద్య నాటకాలు ఆడించేవారు. కృష్ణుడు పద్యం ముగించీ ముగించకముందే ‘ఒన్స్ మోర్’ కేకలు లేచేవి. మర్నాడు పొద్దున్నే కాఫీ హోటలు బల్లల దగ్గర, రామాలయం అరుగుల మీద మరో సభ సాగేది. ఎవరి గొంతు బాగుంది, ఎవరు మాట మింగేశారు అన్నది అక్కడే తేలేది.

ఆ అరుగు మీది సభే పద్య నాటకానికి అసలైన కాపలా. నాటకం తగ్గిందని అందరూ బాధ పడుతున్నారు గాని, నాటకం కన్న ముందు ఆ సభ తగ్గిందన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

గోదావరి తీరపు సొత్తు

తెలుగు నాటకానికి గోదావరి జిల్లాలతో ఉన్న బంధం ఈనాటిది కాదు. కందుకూరి వీరేశలింగం పంతులు 1880లో రాజమండ్రిలో ‘వ్యవహార ధర్మబోధిని’ని ప్రదర్శింపజేశారు. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకంలో పాటకు, పద్యానికి పెద్దపీట వేశారు. రాజమండ్రి సమాజం కోసం చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘గయోపాఖ్యానం’ రాశారు. తర్వాత ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన టంగుటూరి ప్రకాశం ఆ రోజుల్లో రంగస్థలం ఎక్కి ఆడవేషాలు వేసినవారే.

ఇక ఊరూరా ఆడే ‘కురుక్షేత్రం’ తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగము’, ‘పాండవ విజయము’ నాటకాల నుంచి వచ్చినదే. జంట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి కడియంలో 1870లో జన్మించారు. అవధాన సభల్లో పృచ్ఛకులతో, శ్రోతలతో ముఖాముఖి తలపడిన కవులు కనుకనే, ఒక్కసారి వినగానే పామరుడికి సైతం అందే పద్యాలు రాయగలిగారు.

కాకినాడలోని యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ సాయంత్రాలు నలుగురు కలిసే చోటు మాత్రమే కాదు, నటులను తీర్చిదిద్దిన బడి కూడా. ఎస్.వి. రంగారావు, అంజలీదేవి, ఆదినారాయణరావు వంటి వారు అక్కడ నాటకాలాడి సినిమాలకు వెళ్లినవారే. 1929లో తెనాలిలో మొదలైన ఆంధ్ర నాటక కళా పరిషత్తు పోటీలతో పాటు నాటకంపై చర్చకూ వేదిక అయింది.

రాగమా, భావమా?

ఇటువంటి చర్చల్లో ఎప్పుడూ నలిగే విషయం ఒకటుంది. పద్యాన్ని రాగం కోసం పాడాలా, భావం కోసం పాడాలా? ఏలూరుకు చెందిన బందా కనకలింగేశ్వరరావు (1907-1968) రాగం మాటను మింగకూడదని పట్టుబట్టిన నటుడు. కృష్ణ పాత్రలో పేరు మోసిన పీసపాటి నరసింహమూర్తి (1920-2007) పద్యంలో ప్రతి మాటా కడపటి వరుసలో కూర్చున్నవాడికి స్పష్టంగా వినిపించేలా చదివేవారు.

మాట మధ్యలో ఊపిరి తీసుకుంటే అర్థం విరిగిపోతుంది. రాగం అవసరానికి మించి సాగదీస్తే ఎదుటి పాత్ర దిష్టిబొమ్మలా నిలబడాల్సి వస్తుంది. ఈ తేడా తెలిసిన ప్రేక్షకుడు చప్పట్లు దాచుకుంటాడు. తెలియనివాడు గొంతు ఎంత సేపు సాగితే అంత గొప్ప అనుకుంటాడు. చప్పట్లు ఎటు పడితే నటుడూ అటే పోతాడు. నాటకం మొత్తం పోయి రాయబారం సీను, కాటి సీను మాత్రమే మిగలడానికి, ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు రావడానికి ఇదీ ఒక కారణం.

తెలియక పోగొట్టుకున్నవి

వినేవారికి నాటకం పూర్వాపరాలు చెప్పేవారు లేకపోతే జరిగే నష్టం చిన్నది కాదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన హరిశ్చంద్ర నాటకం కాటి సీనులో జనం కంటతడి పెట్టే పద్యాల్లో కొన్ని గుఱ్ఱం జాషువ ‘శ్మశానవాటి’ నుంచి తెచ్చి కలిపినవి. ఆ పద్యాలు విని ఏడ్చినవారిలో వాటి కవి పేరు తెలియనివారు ఎందరో. ముత్తరాజు సుబ్బారావు రచించిన ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామ పాడే పేరుగన్న పాట, ఆ పాత్ర ధరించిన స్థానం నరసింహారావు స్వయంగా కట్టుకున్నది. అదే 1966లో సినిమాకూ ఎక్కింది.

చేర్పులన్నీ ఇలా నాటకానికి మేలే చేశాయనుకోలేము. కాళ్లకూరి నారాయణరావు వేశ్యాలోలత్వాన్ని ఖండిస్తూ ‘చింతామణి’ రాశారు. ప్రదర్శనల్లో మోటు హాస్యం చేరి కాలక్రమంలో పెరిగిపోయింది. ఒక వర్గాన్ని కించపరుస్తున్నారన్న ఫిర్యాదులు రావడంతో 2022 జనవరిలో ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. మూల నాటకంలో ఏముందో, తర్వాత ఏం చేరిందో తెలిసిన ప్రేక్షకులు పందిట్లో నలుగురు ఉండి, ‘ఇది రచయిత రాసిన మాట కాదు’ అని మొదటి రోజే నిలదీసి ఉంటే వ్యవహారం అంతదాకా వచ్చేదా అన్నది ఆలోచించాల్సిన విషయం.

డబ్బున్న చోటా ఇదే కథ

పాశ్చాత్య దేశాల్లో పాటతోనే కథ నడిపే నాటకాన్ని ఒపేరా అంటారు. న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ ఒపేరాకు అండగా ఎలినార్ బెల్మాంట్ 1935లో అభిమానుల సంఘాన్ని స్థాపించారు. ఉపన్యాసాలు, విందు గోష్ఠులు, ఒక పత్రిక, బడి పిల్లలకు ఒపేరా పరిచయం.. ఇవీ దాని పనులు. అంతటి సంఘం సైతం ఖర్చులు భరించలేక 2023లో తన కార్యకలాపాలను కుదించుకుంది. అయితే ఎనభై ఎనిమిదేళ్లపాటు అది చేసిన పని గమనించదగ్గది. ప్రేక్షకుడు దానంతట అదే పుట్టుకురాడని, తయారు చేసుకోవాలని అది గుర్తించింది.

మన పల్లెల్లో దీనికి విందులక్కరలేదు. ఒక హార్మోనియం, పద్యం చదవగలిగిన ఒక గొంతు, అర్థం విడమరచగల ఒక తెలుగు మాస్టారు, నలుగురు కూర్చునే అరుగు ఉంటే చాలు. నెలకొక సాయంత్రం ఒక్క సీను తీసుకుని ముందు కథ చెప్పి, పద్యం పాడించి, యతి ఎక్కడ, విరుపు ఎక్కడ, రాగం ఎందుకు మారింది అన్నది వివరిస్తే వినేవారికి రుచి పడుతుంది.

ఐనవిల్లి సిద్ధివినాయకుడి సన్నిధిలో పూజ చేసిన కలాల కోసం విద్యార్థులు తరలి వస్తారు. ముక్తేశ్వరం, నేదునూరు, విలస వంటి చుట్టుపక్కల ఊళ్లలో బడులున్నాయి, రామాలయాలున్నాయి. వీరేశలింగం పంతులు జయంతి అయిన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నారు. ఆ రోజు ఒక దండ వేసి ఊరుకోకుండా, ఒక సీను చదివి చర్చించుకుంటే పంతులుగారికి అంతకన్న నివాళి ఉండదు.

2023 డిసెంబరులో గుంటూరులో నంది నాటకోత్సవాలు జరిగాయి. బహుమతులు నటులకు ఊపిరి పోస్తాయి. కాని, నటుడు తప్పు పాడినప్పుడు గుర్తుపట్టే చెవిని ఏ బహుమతీ తయారు చేయలేదు. ఆ పని ఊళ్లోనే జరగాలి. పద్యం తెలిసిన పెద్దలు ఇంకా అరుగుల మీద ఉండగానే జరగాలి.