ఎట్టయపురపు గమకచిహ్నములు, లిలీపాండ్ ముద్రణయంత్రము

మధుర నాయకుల పాలనలోని పాళెములలో ఎట్టయపురము ఒకటి. తెలుగునేలనుండి తరలివచ్చి, తమిళదేశపు నల్లరేగడి భూములలో తరతరములుగా స్థిరపడినను ఇంటిభాషగా తెలుగును విడువని కంబళనాయకుల సంస్థానమది. ఆ సంస్థానాశ్రయమున, విద్యావిలాసినీ ముద్రాక్షరశాలయందు, 1904లో సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు లిపిలో వెలువడినది. ముత్తుస్వామి దీక్షితుల కృతులు 229 స్వరసహితముగా అందు గలవు. అంతకుముందు, 1892 నుండి, చిన్నస్వామి మొదలియారు మన కృతులను పాశ్చాత్య రేఖాలిపిలో అచ్చువేయ పూనుకొని, సుబ్బరామ దీక్షితులవారిని ఆశ్రయించి, వారి విద్య గ్రంథరూపమున నిలువవలెనని పట్టుపట్టిన ఫలమే ఈ మహాగ్రంథము.

సరిగమలు మాత్రమే వ్రాసిన చాలునని సుబ్బరామ దీక్షితులవారు తలపలేదు; స్వరమును కదలించు రీతులైన గమకములకును గుర్తులు నిర్ణయించిరి. స్వరముపై అలవంటి గీత గీసి కంపితమనిరి. మూడు చుక్కలను త్రికోణముగా నిలిపి స్ఫురితమనిరి, వానినే తలక్రిందు చేసి ప్రత్యాహతమనిరి. ఎగబ్రాకు వాలుగీత ఏట్రజారు, దిగజారునది ఇఱక్కజారు. ఒదుక్కలునకు గుణకారపు గుర్తు. ఇంతటితో విడువక, వీణపై ఎడమచేతి వ్రేళ్లు ఏ మెట్టున నిలిచి తంత్రిని ఎట్లు కదలింపవలెనో వచనమున వివరించిరి. కాని ప్రతి గుర్తునకును సీసపు అచ్చు పోయించవలసివచ్చెను. పోసిన అచ్చునకు రూపమును, వెడల్పును ముందే నిర్ణయమైపోయినవి.

ఈ నిర్బంధమును తొలగించిన యంత్రము ఒకటి 1996లో నెదర్లాండ్సు దేశమున పుట్టినది. హాన్-వెన్ నీన్‌హాయిస్, యాన్ న్యూవెన్‌హౌజెన్ అను ఇరువురు సంగీతప్రియులు నిర్మించిన ఆ సాఫ్ట్‌వేరు పేరు లిలీపాండ్. ఇందు మౌసుతో గుర్తులను తెరపై పేర్చు పని లేదు. అక్షరములను టైపుచేసినంతనే యంత్రము పుటను చెక్కి యిచ్చును. సీ అను అక్షరము ప్రక్కన 4 అంకె వేసిన, అది పూర్ణస్వరములో నాలుగవ వంతు కాలము నిలుచు సీ స్వరమగును. కంప్యూటరు అచ్చులోని నిర్జీవత్వమునకు రోసి, పూర్వపు చేతిచెక్కడపు పుటలను ఆదర్శముగా గైకొని, వారు ఫెటా అను సంగీతాక్షరమాలను దిద్దిరి.

నా దృష్టిలో ఈ యంత్రపు ఘనత యంతయు ఒక్క విభజనయందున్నది. స్వరము యొక్క అర్థము వేరు, పుటపై దాని ఆకారము వేరు. స్వరశిరస్సు, కాడ, తాళరేఖ — ప్రతియొకటియు ఒక వస్తువు. దానికి రంగు, పరిమాణము, మందము, స్థానము అను గుణములుండును. వానిలో స్టెన్సిల్ అను గుణమే దాని బొమ్మ. ఓవర్‌రైడ్ అను ఆజ్ఞ ఇచ్చిన అచ్చటినుండి ముందుకు ఆ జాతి గుర్తులన్నియు మారును. ట్వీక్ అనిన ఆ ఒక్క గుర్తే మారును. స్టెన్సిల్‌ను తీసివైచిన గుర్తు తన చోటుతో సహా మాయమగును. పారదర్శకము చేసిన కంటికి కానరాకున్నను చోటు మిగులును. తాళస్థానములు చెదరక ఖాళీ విడువవలసినచోట ఈ భేదము ఎంతటి ఉపకారియో పుట కూర్చినవారికే తెలియును.

కనుక అయిదు గీతల చట్రమును తొలగించి, స్వరశిరస్సు బొమ్మకు మారుగా తెలుగు ‘స’ను నిలుపవచ్చును, దానిపై మూడు చుక్కల స్ఫురితమును కొత్త గుర్తుగా నిర్వచింపవచ్చును. కంపితమునకైతే, పాశ్చాత్యుల ట్రిల్లు అలకు గల సాగుగుణమునే వాడుకొని, రూపమును మాత్రము దిద్దిన చాలును: స్వరమెంత దీర్ఘమైన అల అంత సాగును.

అయితే అందముకొరకు ఆకారములను ఇష్టానుసారము మార్చుట నాకు సమ్మతము కాదు. ఏట్రజారు వాలు తారుమారైన వాదకుని వ్రేలు తప్పుదిశకు పోవును. చుక్కల త్రికోణము తలక్రిందైన గమకమే మారిపోవును. దీక్షితులవారు నిర్ణయించిన రూపములను ఉన్నవి ఉన్నట్లు గీసి, ఒక్క ఫైలులో భద్రపరచి, ప్రతి కృతి శీర్షమున ఇన్‌క్లూడ్ అను ఆజ్ఞతో దానిని రప్పించుకొనుట ఉత్తమము. పిదప ఎవరైన ఒక గుర్తు గీతను సన్నము చేయదలచిన ఆ ఫైలులో ఒక్కచోట దిద్ది, కృతులను మరల యంత్రమునకిచ్చిన, 229 కృతులందును అది దిద్దుకొనును.