పెద్దపేగు క్యాన్సర్ పట్నం రోగమేనా?

పశ్చిమ ప్రకాశంలో దర్శి, పొదిలి, మార్కాపురం వైపు పెద్దపేగు క్యాన్సర్ మాటెత్తితే మొదట వచ్చే జవాబు దాదాపు ఒకటే: ‘‘అది పట్నపోళ్ల రోగమండీ, మాకెందుకు వచ్చుద్ది?’’ పూర్తి అబద్ధమైతే ఒక్క వాక్యంలో కొట్టేసి ముందుకెళ్లొచ్చు. ఇందులో సగం నిజం ఉంది. అందుకే నిదానంగా విప్పాలి.

నిజమున్న సగం ఇది. 2022 అంచనాల ప్రకారం, జనాభాలో వయసు తేడాలు సరిచేశాక, ప్రపంచంలో ఏటా లక్ష మందికి 18 మంది చొప్పున పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ల బారిన పడుతున్నారు. డెన్మార్క్, నార్వేల్లో ఈ రేటు నలభై చుట్టుపక్కల ఉంది. మన దేశంలో ఐదు దగ్గర. దేశం లోపల కూడా ఊరికీ నగరానికీ తేడా ఉంది. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ 2012–16 లెక్కలతో 2020లో ఇచ్చిన నివేదిక చూస్తే, అన్ని రకాల క్యాన్సర్లూ కలిపి మగవారిలో ఢిల్లీ రేటు లక్షకు 147. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్, బీడ్ జిల్లాల్లో 39.5. అయితే అదే పట్టికలో అన్నింటికన్నా పైనున్నది ముంబయీ కాదు, ఢిల్లీ కాదు, మిజోరం కొండల్లోని ఐజాల్ జిల్లా. అక్కడ 269.4. ఊరి సైజు ఒక్కటే చూసి జబ్బును అంచనా కట్టలేమని అక్కడే తేలిపోయింది.

‘‘మా వైపు లెక్కల్లో ఎక్కడా లేదుగా’’

లెక్క రాసేవాళ్లుంటే కదా లెక్కల్లో ఉండేది. ఆ 2020 నివేదికకు సమాచారం ఇచ్చిన జనాభా రిజిస్ట్రీలు 28. తెలుగు నేల మీద నుంచి అందులో ఉన్నది హైదరాబాద్ జిల్లా ఒక్కటే. ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక్క జిల్లా కూడా లేదు, ప్రకాశం సంగతి చెప్పేదేముంది. గిద్దలూరు రైతుకు నంద్యాలలోనో గుంటూరులోనో హైదరాబాద్‌లోనో జబ్బు బయటపడితే, ‘ఇది పశ్చిమ ప్రకాశం కేసు’ అని ఒకచోట చేర్చి చూపే పుస్తకం లేదు. ఊళ్లోనే కన్నుమూస్తే పరిస్థితి ఇంకా అన్యాయం. దేశంలో నమోదయ్యే మరణాల్లో కారణాన్ని డాక్టరు ధ్రువీకరించేవి సుమారు ఐదింట ఒకటి మాత్రమే. మిగతావాళ్లు ‘కడుపునొప్పితో’, ‘కామెర్లతో’, ‘పెద్ద వయసుతో’ పోయినట్టే.

అలాగని పల్లెల్లో తక్కువ రేటంతా లెక్క తప్పేనని కూడా అనలేం. మహారాష్ట్రలోని బార్షిలో 1987లో దేశంలోనే మొదటి గ్రామీణ క్యాన్సర్ రిజిస్ట్రీ పెట్టారు. జనం ఆసుపత్రికి రావడం లేదని గ్రహించి సిబ్బందే ఊరూరా తిరిగి, లక్షణాలు వివరించి, అనుమానం ఉన్నవాళ్లను పరీక్షకు తీసుకొచ్చారు. అంత వెతికినా ముంబయీతో పోలిస్తే పెద్దపేగు క్యాన్సర్ బాగా తక్కువగానే తేలింది. అంటే పల్లెకు ఏదో రక్షణ ఉంది. అది ఏమిటి, ఇంకా మిగిలి ఉందా అన్నదే అసలు ప్రశ్న.

‘‘సజ్జన్నం, జొన్నన్నం తిన్న ఒళ్లు మాది’’

తిన్నది తాత, ధీమా మనవడిది.

ఆఫ్రికాలోని ఉగాండాలో పనిచేసిన ఐరిష్ సర్జన్ డెనిస్ బర్కిట్, అక్కడి పల్లెల్లో పెద్దపేగు క్యాన్సర్ అరుదుగా ఉండటాన్ని పీచు ఎక్కువుండే తిండితో ముడిపెట్టి 1971లో రాశారు. ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు మొత్తమ్మీద ఆయన వైపే మొగ్గాయి. రోజూ తినే పీచు పది గ్రాములు పెరిగితే ఈ ముప్పు సుమారు పది శాతం తగ్గుతుందని 2011లో అనేక అధ్యయనాలను కలిపి చూసి తేల్చారు. ఇప్పుడు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ముద్రించిన పట్టికలు చూడండి. వంద గ్రాముల సజ్జల్లో పీచు పదకొండు గ్రాములకు పైనే. రాగుల్లోనూ అంతే. జొన్నల్లో పది. పాలిష్ పట్టిన బియ్యంలో మూడు గ్రాములు కూడా లేదు.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. అంతకుముందే సాగర్ కుడి కాలువ నీళ్లు అందిన దర్శి వైపు పొలాల్లో వరి దిగింది. ఆకలి తీరిందన్నది కాదనలేని మంచి. మూడు పూటలా అన్నం తినడం ఈ మెట్ట ప్రాంతంలో ఒకప్పుడు పెద్దింటి భోగం, దాన్ని ఎవరూ తప్పు పట్టకూడదు. కానీ సంగటి, రొట్టె పళ్లెంలోంచి జారిపోయాక పీచు కూడా వాటి వెంటే పోయింది. మిగిలింది కందిపప్పు, దొరికినన్ని ఆకుకూరలు. పక్కనే నూనెలో దేవిన బజ్జీలు, బేకరీ సరుకు, కూల్ డ్రింకులు చేరాయి. ఇవాళ కొర్రలు, సజ్జలు ఎక్కువ ధర పెట్టి కొంటున్నది హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో మధుమేహులు.

తిండి మారితే పేగు ఎంత తొందరగా మారుతుందో 2015లో వెలువడిన ఒక ప్రయోగం చూపింది. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌కు చెందిన ఇరవై మంది నల్లజాతివారికీ దక్షిణాఫ్రికా పల్లెవాసులు ఇరవై మందికీ రెండు వారాలపాటు ఒకరి తిండి ఇంకొకరికి పెట్టారు. అమెరికా వాళ్ల పేగు లోపొరలో వాపు గుర్తులు తగ్గాయి. పల్లె వాళ్లలో క్యాన్సర్ ముప్పును సూచించే గుర్తులు పెరిగాయి. రెండు వారాల్లో క్యాన్సర్ వచ్చిందనో పోయిందనో కాదు. పల్లెలో పుట్టడం వల్ల పేగుకు శాశ్వతంగా దక్కే కవచం ఏదీ లేదని మాత్రం తేలింది. మార్కాపురం, గిద్దలూరు మండలాల నుంచి ఏళ్లకేళ్లు బెంగళూరు, హైదరాబాద్‌లకు పనికి వెళ్లి, అక్కడి తిండే తిని, ఓటుకూ తిరునాళ్లకూ ఇంటికొచ్చే మనిషిని పల్లె లెక్కలో వేయాలా పట్నం లెక్కలోనా?

ఇక అమెరికా సంగతి. ఒకప్పుడు అక్కడ ఈ క్యాన్సర్ చావులు ఈశాన్య రాష్ట్రాల నగరాల్లో ఎక్కువ. ఇప్పుడు మిసిసిపీ డెల్టా, అపలాచియా కొండ ప్రాంతాల్లాంటి పేద, గ్రామీణ ప్రాంతాల్లో ఎక్కువ. పొగ తాగడం, స్థూలకాయం అటు మళ్లాయి. పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీ మాత్రం నగరంలోనే ఉండిపోయింది. పల్లె–పట్నం తేడా ఒక తరంలో తలకిందులు కాగలదు.

‘‘రక్తం పడితే మొలలే, ఇంకేముంది’’

అన్ని అపోహల్లోకీ ప్రాణం మీదికి తెచ్చేది ఇది. నా దృష్టిలో పల్లెకూ పట్నానికీ అసలు తేడా రోగం ఎవరికి వస్తుందన్న దగ్గర కన్నా, ఎప్పుడు తెలుస్తుందన్న దగ్గరే ఎక్కువ.

మలంలో రక్తం కనిపించినవాళ్లలో ఎక్కువమందికి మొలలో, చీలికో ఉంటాయి. అది నిజం. అందుకే ఈ పొరపాటు ఇంత సులువుగా జరుగుతుంది. మొదట నెలల తరబడి ఎవరికీ చెప్పరు. ఆడవాళ్లయితే భర్తకు కూడా చెప్పరు. తర్వాత మందుల షాపులో గొట్టం మందు. ఆ తర్వాత ఊళ్లో ఆర్‌ఎంపీ. ఆపైన ‘ఆపరేషన్ లేకుండా మొలలు, లూటీ నయం’ అన్న బోర్డు. దారిపొడవునా ఎవరూ చేయని పని ఒకటుంది: చేతికి గ్లౌజు వేసుకుని, మలద్వారంలో వేలు పెట్టి చూడటం. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దేశంలో ఈ క్యాన్సర్లలో మలాశయం వాటా ఎక్కువ. మలాశయం కింది భాగంలో గడ్డ ఉంటే వేలికి తగులుతుంది. ఖర్చు లేదు, యంత్రం లేదు, పట్టేది నిమిషం. రోగికి సిగ్గు, చూసేవాడికి మొహమాటం. ఈ రెంటి మధ్య గడ్డ ఏడాది పెరుగుతుంది.

మొలలు ఉన్నాయని తేలినంత మాత్రాన క్యాన్సర్ లేదని కాదు. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. నలభై దాటాక కొత్తగా రక్తం మొదలైనా, మొలల మందుకు కొన్ని వారాల్లో ఆగకపోయినా, విరేచనం తీరు మారి అలాగే కొనసాగినా, వెళ్లొచ్చాక కూడా ఇంకా ఉన్నట్టే అనిపిస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా కొలనోస్కోపీ గురించి అడగాలి. వయసు తక్కువని కొట్టిపారేయడమూ కుదరదు. ముప్పైల్లో ఉన్నవాళ్లకు కూడా మన దగ్గర ఈ జబ్బు బయటపడుతోంది.

కంటికి రక్తం కనిపించని రకం ఇంకొకటి. పెద్దపేగు కుడివైపు గడ్డ లేస్తే రక్తం కొద్దికొద్దిగా మలంలో కలిసిపోతుంది. మనిషి పాలిపోతాడు, రెండడుగులేస్తే ఆయాసం. మన దగ్గర దీనికి వైద్యం తెలిసిందే: ‘నీరసం’ అని ఒక సెలైన్ సీసా, ఒక బలం టానిక్. అరవై ఏళ్ల మగమనిషికి ఐరన్ తగ్గి రక్తం తక్కువైందంటే, అది ఎటు పోతోందో చూడకుండా టానిక్ రాయడం వైద్యం కాదు.

‘‘ఆశా అమ్మాయి వచ్చి పరీక్ష చేసింది, క్యాన్సర్ లేదంది’’

ఆమె చెప్పింది నిజమే, మీరు అర్థం చేసుకున్నది వేరు. ప్రభుత్వ కార్యక్రమం కింద ఇంటింటికీ వచ్చి చూసేది మూడు క్యాన్సర్లకు: నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. పెద్దపేగు అందులో లేదు. మన దగ్గర రేటు తక్కువ కాబట్టి లక్షణాలు లేనివాళ్లందరికీ కొలనోస్కోపీ చేయాలని నిపుణులు కూడా పట్టుబట్టడం లేదు. అందువల్ల ఇక్కడ లక్షణాన్ని పట్టుకోవడమే దారి. ఆ పని రోగిదీ, మొదట చూసిన వైద్యుడిదీ.

‘‘ఫ్లోరైడ్ నీళ్లే దీనికి మూలం’’

ఈ ప్రాంతానికి ఫ్లోరైడ్ మీద కోపం ఉండటం న్యాయమే. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ గురించి రాసినప్పుడు చెప్పింది నెల్లూరు జిల్లా గురించి. అప్పట్లో దర్శి, పొదిలి, కనిగిరి ఆ జిల్లాలోవే. 1970లో ఒంగోలు జిల్లా (తర్వాత ప్రకాశం) ఏర్పడ్డాకే ఇటు వచ్చాయి. ఇన్ని దశాబ్దాలైనా పళ్ల మీద గారలు, వంగిపోయిన కాళ్లు, నడుములు పూర్తిగా పోలేదు. కానీ పళ్లకూ ఎముకలకూ చేసే కీడు వేరు, పేగు క్యాన్సర్ వేరు. తాగునీటి ఫ్లోరైడ్ క్యాన్సర్ తెస్తుందనడానికి సరిపడా ఆధారం లేదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది. ఆర్‌ఓ క్యాన్ నీళ్లు తాగుతున్నాం కాబట్టి పేగుకు ఢోకా లేదనుకోవడం ఇదే అపోహకు రెండో ముఖం.

ఎర్రగా మండే మన కారం మీద కూడా ఇదే అభియోగం. పచ్చడి తింటే మొలలు, చీలికలు ఉన్నవాళ్లకు మంట తెలుస్తుంది, అంతే.

‘‘పొగాకు ఊపిరితిత్తులకే, మందు లివరుకే’’

పొదిలి, కనిగిరి వేలం కేంద్రాలకు బేళ్లు తోలే నేల మీద ఈ మాట చెప్పడం కొంచెం ఇబ్బందే. అయినా చెప్పాలి. పొగ తాగడం, మద్యం రెండూ పెద్దపేగు క్యాన్సర్‌కు కారణమవుతాయని పైన చెప్పిన అంతర్జాతీయ సంస్థే తేల్చింది. నిల్వచేసిన, ప్రాసెస్ చేసిన మాంసాన్ని 2015లో అదే వరుసలో చేర్చింది. మేక, గొర్రె మాంసం దాని కింది మెట్టున, ‘బహుశా కారణమవుతుంది’ అన్న జాబితాలో ఉంది. ఆదివారం కూర గురించి కంగారు పడేంత లేదు. రోజూ సాయంత్రం క్వార్టర్ సీసా గురించి ఉంది. శాకాహారులకు ముప్పు కొంత తక్కువే గానీ, లేకపోలేదు.

‘‘ముక్క తీస్తే పాకుద్ది, పైగా జీవితాంతం సంచి’’

గుంటూరు దాకా రైలెక్కి వెళ్లి, కొలనోస్కోపీ కూడా చేయించుకుని, బయాప్సీ అనగానే లేచి వచ్చేసేవాళ్లున్నారు. ముక్క తీసి పరీక్షిస్తే పెద్దపేగు క్యాన్సర్ ఒళ్లంతా పాకిపోతుందన్నది ఉత్త భయం. నిజానికి ఈ క్యాన్సర్లలో ఎక్కువ భాగం పాలిప్ అనే చిన్న కండ పెరుగుదలగా మొదలై, ముదరడానికి పదేళ్ల దాకా తీసుకుంటాయి. ఆ దశలో కొలనోస్కోపీలోనే కోసి తీసేస్తే క్యాన్సర్ రాకుండానే ఆగిపోతుంది. ఇంత ముందుగా అడ్డుకునే అవకాశం ఇచ్చే క్యాన్సర్లు చాలా తక్కువ. పేగు దాటకముందే పట్టుకుంటే అయిదేళ్లు బతికేవారు తొంభై శాతం దాకా ఉన్నారని అమెరికా లెక్కలు చెబుతున్నాయి. లివరుకో ఊపిరితిత్తులకో చేరాక పట్టుకుంటే అది పదిహేను శాతం చుట్టుపక్కలకు పడిపోతుంది.

సంచి భయమూ పాతదే. గడ్డ మలద్వారానికి మరీ దగ్గరైతే శాశ్వతంగా పెట్టాల్సి రావొచ్చు. చాలామందికి అసలు అవసరం ఉండదు. కొందరికి కుట్లు మానేదాకా కొన్ని నెలలు పెట్టి తీసేస్తారు. ఆలస్యమయ్యేకొద్దీ సంచి పడే అవకాశం పెరుగుతుంది గనుక, సంచికి భయపడి ఆసుపత్రికి దూరంగా ఉండటం తిరిగి సంచి దగ్గరికే తీసుకెళ్తుంది. ఖర్చు మాటకొస్తే, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో క్యాన్సర్ ఆపరేషన్, కీమోథెరపీ, రేడియేషన్ ఉన్నాయి. పొలం బేరం పెట్టేముందు ఆసుపత్రిలో ఆ పథకం సిబ్బందిని కలవండి.

ఇంకో సంగతి. ఆపరేషన్ తర్వాత ఇచ్చే బయాప్సీ రిపోర్టును బిల్లులతోపాటు పారేయకండి. తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఈ క్యాన్సర్ వస్తే, మిగతావాళ్లు నలభయ్యో ఏట గానీ, ఇంట్లో వాళ్లకు జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి. నలభై రెండేళ్లకు తండ్రికి వస్తే కొడుకుకైనా కూతురికైనా ముప్పై రెండుకే. బెంగళూరులో తాపీ పనిలో ఉన్న కొడుకును అక్కడి డాక్టరు మొదట అడిగేది ఆ కాగితమే.